బీపీ ముందా, కిడ్నీ ముందా? ఒక మెడికల్ కోడ్ వెనకాల రెండొందల ఏళ్ల గొడవ

ఈరోజు ఎపిసోడ్ ఒక కోడ్ గురించి. పైథాన్ కాదు, జావా కాదు. ఐ12.9. చూడ్డానికి బస్సు నెంబర్‌లా ఉంటుంది. కానీ దీని వెనకాల ఇద్దరు డాక్టర్లు, ఒక కొవ్వొత్తి, పాట్నా నుంచి లండన్ వెళ్లిన ఒక కుటుంబం, అమెరికా ఇన్సూరెన్స్ డబ్బు, మన ఉద్దానం, మన ఎ.కొండూరు తండాలు అన్నీ ఉన్నాయి. చివరి దాకా వినండి, ఎందుకంటే ఇది మీ ఇంట్లో బీపీ ఉన్నవాళ్లకి కూడా సంబంధించిన విషయం.

విజయవాడ వాళ్లకి బెంజ్ సర్కిల్ గురించి చెప్పక్కర్లేదు. తెలియని వాళ్ల కోసం: చెన్నై–కోల్‌కతా హైవే, హైదరాబాద్–మచిలీపట్నం హైవే కలిసే చోటు. ఆ చుట్టుపక్కల నడుస్తూ బోర్డులు చదవండి. కిడ్నీ హాస్పిటల్, డయాలసిస్, డయాగ్నోస్టిక్స్ అని కొన్ని. మెడికల్ కోడింగ్ ట్రైనింగ్, బీఎస్సీ, బీఫార్మసీ వాళ్లకి ఉద్యోగం అని ఇంకొన్ని. రెండు బోర్డులూ ఒకే జబ్బు గురించి కావచ్చు. కానీ మొదటి దాంట్లోకి వెళ్లే పేషెంట్ మన ఊరివాడు. రెండో దాంట్లో నేర్చుకునే పిల్లలు రేపు చదవబోయే రిపోర్టు మాత్రం ఎక్కడో టెక్సస్‌లోనో ఒహాయోలోనో ఉన్న పేషెంట్‌ది.

స్క్రీన్ మీద ఏం కనిపిస్తుంది?

మెడికల్ కోడర్ పని ఏంటో ముందు సింపుల్‌గా చెప్తాను. అమెరికాలో డాక్టర్ పేషెంట్‌ని చూసి నోట్స్ రాస్తాడు. ఆ నోట్స్ చదివి, ప్రతి జబ్బుకీ ఒక కోడ్ వేయాలి. ఆ కోడ్ చూసే ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బు కడతారు. ఆ కోడ్‌లే లెక్కల్లోకి వెళ్లి, ఏ జబ్బు ఎంతమందికి ఉందో చెప్తాయి.

ఇప్పుడు నోట్స్‌లో రెండే రెండు లైన్లు ఉన్నాయనుకోండి. ఒకటి, హైపర్‌టెన్షన్. రెండు, సీకేడీ స్టేజ్ 3బీ. సీకేడీ అంటే క్రానిక్ కిడ్నీ డిసీజ్, ఎక్కువ కాలంగా ఉన్న కిడ్నీ జబ్బు. డాక్టర్ ఈ రెండిటికీ సంబంధం ఉందని ఎక్కడా రాయలేదు. కోడర్ ఏం వేయాలి?

మామూలు బుద్ధితో ఆలోచిస్తే బీపీకి ఐ10, కిడ్నీకి ఎన్18.32 అని వేరువేరుగా వేస్తాం. కానీ అది తప్పు. రూల్ ప్రకారం ఐ12.9 వేసి, పక్కన స్టేజ్ చెప్పడానికి ఎన్18.32 వేయాలి. ఐ12 అంటే హైపర్‌టెన్సివ్ క్రానిక్ కిడ్నీ డిసీజ్. మామూలు తెలుగులో, బీపీకి ముడిపడిన కిడ్నీ జబ్బు.

డాక్టర్ వేయని ముడిని రూల్ వేసింది. అమెరికా కోడింగ్ గైడ్‌లైన్స్‌లో ఇది స్పష్టంగా ఉంది. పేషెంట్‌కి బీపీ, సీకేడీ రెండూ ఉంటే వాటికి సంబంధం ఉన్నట్టే లెక్క. డాక్టర్ ప్రత్యేకంగా 'సంబంధం లేదు' అని రాస్తేనే విడదీయాలి. కోడింగ్ ఇండెక్స్‌లో రెండు జబ్బుల మధ్య 'విత్' అనే చిన్న మాట ఉంటుంది. ఆ ఒక్క మాట మీదే ఈ రూల్ నిలబడింది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇది డిఫాల్ట్ వాల్యూ. యూజర్ ఏమీ నింపకపోతే సిస్టమ్ తనంతట తాను ఒకటి నింపేస్తుంది. నేను జాబ్‌లో ఉన్న రోజుల నుంచీ నాకు డిఫాల్ట్ వాల్యూ కనిపిస్తే ఒకటే ప్రశ్న: దీన్ని ఎవరు పెట్టారు, ఏ నమ్మకంతో పెట్టారు? ఈ డిఫాల్ట్ సంగతి తవ్వుకుంటూ వెళ్తే 1827 దగ్గర తేలాం.

చెంచా, కొవ్వొత్తి

లండన్‌లో గైస్ హాస్పిటల్. రిచర్డ్ బ్రైట్ అనే డాక్టర్. ఒళ్లంతా నీరు పట్టి వాచిపోయి వచ్చే పేషెంట్లని ఆయన చూసేవాడు. వాళ్ల మూత్రం చెంచాలో పోసి కొవ్వొత్తి మంట మీద వేడి చేస్తే, గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టేది. అంటే మూత్రంలో ప్రోటీన్ పోతోందన్నమాట. వాళ్లు చనిపోయాక కోసి చూస్తే కిడ్నీలు పాడైపోయి ఉండేవి. వాపు, మూత్రంలో ప్రోటీన్, పాడైన కిడ్నీ — ఈ మూడిటినీ కలిపి ఆయన 1827లో పుస్తకం అచ్చేశాడు. ఆ తర్వాత వందేళ్లకి పైగా కిడ్నీ జబ్బుని ప్రపంచమంతా 'బ్రైట్స్ డిసీజ్' అనే పిలిచింది.

1836లో ఆయన ఇంకో విషయం గమనించాడు. ఈ పేషెంట్లలో చాలామందికి గుండె ఎడమ భాగం లావెక్కి ఉంది. ఎందుకు? అప్పటికి బీపీ మెషిన్ లేదు, బీపీ అనే మాటే డాక్టర్ల నోట్లో లేదు. ఆయన ఊహ ఏంటంటే, కిడ్నీ పాడైతే రక్తం గుణం మారుతుంది, అలాంటి రక్తాన్ని సన్నని నాళాల్లోంచి తోయడానికి గుండె ఎక్కువ కష్టపడాల్సి వస్తుంది. అంటే బ్రైట్ లెక్కలో ముందు కిడ్నీ, తర్వాతే మిగతావన్నీ.

పాట్నా వాళ్ల మనవడు

ఇప్పుడు కథలోకి మనవాడు వస్తాడు. సేక్ డీన్ మహమద్ అని 1759లో పాట్నాలో పుట్టిన మనిషి, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసి, ఆ తర్వాత ఐర్లండ్, ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. 1810లో లండన్‌లో ఇండియన్ భోజనం పెట్టే హోటల్ తెరిచాడు. అది నడవక, బ్రైటన్ అనే సముద్రపు ఊళ్లో ఆవిరి స్నానాల ఇల్లు పెట్టి పేరు తెచ్చుకున్నాడు. ఆయన మనవడు ఫ్రెడరిక్ అక్బర్ మహమద్, 1849లో పుట్టాడు. డాక్టరీ చదివింది ఎక్కడో తెలుసా? అదే గైస్ హాస్పిటల్‌లో. బ్రైట్ పనిచేసిన చోటే.

అక్బర్ మహమద్ స్టూడెంట్‌గా ఉండగానే, మణికట్టు దగ్గర నాడి కొట్టుకోవడాన్ని కాగితం మీద గీతలుగా గీసే యంత్రం ఒకటి తీసుకుని దాన్ని మెరుగుపరిచాడు. దానికి బహుమతి కూడా వచ్చింది. ఆ యంత్రంతో వందల మంది నాడి గీశాడు. స్కార్లెట్ ఫీవర్ వచ్చిన వాళ్లలో ఒక వింత కనిపించింది. మూత్రంలో ప్రోటీన్ కనపడక ముందే నాడిలో ఒత్తిడి పెరుగుతోంది. తర్వాత ఆరోగ్యంగా కనిపించే వాళ్లలో కూడా ఎక్కువ ఒత్తిడి చూశాడు. మూత్రం బాగానే ఉంది, మనిషి బాగానే ఉన్నాడు, నాడి మాత్రం గట్టిగా కొడుతోంది. వాళ్లలో కొందరికి తర్వాత గుండె, మెదడు, కిడ్నీ జబ్బులు.

అంటే బ్రైట్ చెప్పిన క్రమం తిరగబడింది. ఒత్తిడి ముందే రావచ్చు, కిడ్నీ దెబ్బ తర్వాత బయటపడొచ్చు. ఇవాళ మనం 'బీపీ ఉంది, కానీ నాకేం ఇబ్బంది లేదండి' అంటామే, ఆ స్థితిని మొదట గుర్తించిన వాళ్లలో ఈయన ఒకరు. అదీ చేతికి గాలి పట్టీ కట్టే మెషిన్ రాకముందే. ఆ మెషిన్ ఇటలీలో రివా రోచీ చేసింది 1896లో. స్టెతస్కోప్ పెట్టి శబ్దం వినే పద్ధతి రష్యా డాక్టర్ కొరొట్కోవ్ చెప్పింది 1905లో.

అక్బర్ మహమద్ ఇంకో పని కూడా మొదలుపెట్టాడు. ఇంగ్లండ్ అంతటా ఉన్న డాక్టర్లు తమ పేషెంట్ల వివరాలు ఒకే రకం ఫారాల్లో రాసి పంపితే, అన్నీ ఒకచోట కలిపి జబ్బుల్ని అర్థం చేసుకోవచ్చని బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ద్వారా ఒక ఉద్యమంలా నడిపించాడు. డాక్యుమెంటేషన్ అని మనం ఇప్పుడు అనేది అదే. 1884లో టైఫాయిడ్ వచ్చి 35 ఏళ్లకే చనిపోయాడు. పేరు కూడా చాలాకాలం మరుగున పడిపోయింది.

రెండు వైపులా వెళ్లే రోడ్డు

మరి ఎవరు కరెక్ట్? ఇద్దరూ కరెక్టే, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

1914లో జర్మనీలో ఫోల్హార్డ్, ఫార్ అనే ఇద్దరు కిడ్నీ జబ్బుల్ని విడదీసి రాస్తూ, రక్తనాళాలు గట్టిపడటం వల్ల కిడ్నీ కుంచించుకుపోయే రకాన్ని వేరుగా చూపించారు. ఇది ఒత్తిడి వైపు సాక్ష్యం. 1934లో అమెరికాలో గోల్డ్‌బ్లాట్ అనే శాస్త్రవేత్త కుక్కల కిడ్నీకి రక్తం తీసుకెళ్లే నాళాన్ని క్లిప్పుతో కొంచెం నొక్కాడు. బీపీ పెరిగిపోయింది. ఇది కిడ్నీ వైపు సాక్ష్యం.

అంటే ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే కిడ్నీలోని సన్నని నాళాలు దెబ్బతింటాయి. కిడ్నీ దెబ్బతింటే ఉప్పు, నీరు సరిగా బయటికి పోవు, నాళాల్ని బిగించే హార్మోన్లు ఎక్కువవుతాయి, దాంతో బీపీ ఇంకా పెరుగుతుంది. పెరిగిన బీపీ మళ్లీ కిడ్నీని దెబ్బతీస్తుంది. ఒకసారి చక్రం తిరగడం మొదలయ్యాక హాస్పిటల్‌కి వచ్చిన పేషెంట్‌ని చూసి, ఇది ఎక్కడ మొదలైందో చెప్పడం డాక్టర్‌కి కూడా కష్టం. కిడ్నీ బయాప్సీ చేస్తే కొంత తెలుస్తుంది. కానీ ఆఖరి స్టేజ్‌లో కుంచించుకుపోయిన కిడ్నీకి బయాప్సీ చేయడం రిస్క్, చేసినా మిగిలింది మచ్చలే కాబట్టి పెద్దగా తెలిసేదేం ఉండదు.

జబ్బులకి నెంబర్లు ఎలా వచ్చాయి?

ఇక్కడ కథ డాక్టర్ల దగ్గర్నుంచి లెక్కల వాళ్ల దగ్గరికి వెళ్తుంది. పారిస్‌లో జాక్ బెర్తియాఁ అనే గణాంకాల అధికారి ఉండేవాడు. నేరస్థుల్ని శరీర కొలతలతో గుర్తుపట్టే పద్ధతి పెట్టిన పోలీసు అధికారి అల్ఫోన్స్ ఈయన తమ్ముడే. తమ్ముడు నేరస్థుల్ని వర్గీకరిస్తే అన్నయ్య చావుల్ని వర్గీకరించాడు. మరణ కారణాల జాబితాని 1893లో చికాగోలో జరిగిన అంతర్జాతీయ గణాంక సంస్థ సమావేశంలో పెట్టాడు. ఇవాళ్టి ఐసీడీ, అంటే జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ, దాంట్లోంచే పుట్టింది. ఆ తొలి జాబితాల్లో బ్రైట్స్ డిసీజ్‌కి చోటుంది. రక్తపోటుకి లేదు. ఉండదు కదా, ఇంకా కొలవడమే రాలేదు.

1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పని చేతికి తీసుకుని ఆరో సవరణ తెచ్చింది. అప్పుడు రక్తపోటు జబ్బులకి ఒక వరుస మొత్తం వచ్చింది. అందులో కిడ్నీ నాళాలు గట్టిపడిన రక్తపోటుకి ఒక ప్రత్యేక నెంబర్ కూడా ఉంది. అలా అక్బర్ మహమద్ చూసిన క్రమానికి జాబితాలో ఒక గడి దొరికింది. తొమ్మిదో సవరణలో అది 403. పదో సవరణలో ఐ12. పదో సవరణని ప్రపంచ ఆరోగ్య సభ 1990లో ఆమోదిస్తే, అమెరికా హాస్పిటళ్లు బిల్లుల కోసం దానికి మారింది మాత్రం 2015 అక్టోబర్ 1న. మన దగ్గర మెడికల్ కోడింగ్ కోర్సుల సిలబస్ మొత్తం మారిపోయింది అప్పుడే.

డిఫాల్ట్ ఎందుకు పెట్టారు?

1972లో అమెరికా ఒక చట్టం చేసింది. కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్లకి వయసుతో సంబంధం లేకుండా డయాలసిస్ ఖర్చు మెడికేర్ భరిస్తుందని. 1973 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ డబ్బు వచ్చిందంటే ఫారం వస్తుంది. ఫారం వచ్చిందంటే 'కారణం' అనే గడి వస్తుంది. ఆ గడి ఖాళీగా ఉంచకూడదు.

2002లో కిడ్నీ జబ్బుని ఐదు స్టేజీలుగా చేశారు. కిడ్నీ ఎంత వడకడుతోందో చెప్పే ఇజిఎఫ్‌ఆర్ అనే అంకె మీద. 90, ఆపైన ఉండి, మూత్రంలో ప్రోటీన్ లాంటి దెబ్బ గుర్తులు ఉంటే స్టేజ్ 1. 60 నుంచి 89 వరకూ, అవే గుర్తులతో స్టేజ్ 2. 30 నుంచి 59 స్టేజ్ 3. 15 నుంచి 29 స్టేజ్ 4. 15 లోపు స్టేజ్ 5. ఒకసారి టెస్టులో వస్తే సరిపోదు, కనీసం మూడు నెలలు అలాగే ఉండాలి. 2005 అక్టోబర్ నుంచి కోడ్‌లలో కూడా ఈ స్టేజీలు వచ్చేశాయి. 2020 అక్టోబర్‌లో స్టేజ్ 3ని మళ్లీ 3ఏ, 3బీగా విడగొట్టారు. అందుకే ఇందాక ఎన్18.32 అన్నాను.

కోడర్లకి ఇక్కడ ఒక చిన్న మ్యాప్ ఇస్తాను, నేర్చుకునేవాళ్లకి పనికొస్తుంది. బీపీతో పాటు స్టేజ్ 1 నుంచి 4 ఉంటే, లేదా స్టేజ్ రాయకపోతే ఐ12.9. స్టేజ్ 5 గానీ ఆఖరి దశ గానీ అయితే ఐ12.0. డయాలసిస్ మీద ఆధారపడి ఉంటే ఎన్18.6తో పాటు జడ్99.2 కూడా. గుండె జబ్బు కూడా కలిస్తే ఐ12 పోయి ఐ13 వస్తుంది. కానీ హఠాత్తుగా వచ్చే కిడ్నీ దెబ్బ, ఏకేఐ అంటారే, దానికి ఈ డిఫాల్ట్ వర్తించదు. అది ఎన్17, బీపీ విడిగా ఐ10. వాంతులు, విరేచనాలయి కిడ్నీ దెబ్బతింటే దానికి బీపీని ముడిపెట్టకూడదు కదా.

డిఫాల్ట్ పెట్టడంలో లాజిక్ ఉంది, నేను కాదనను. అమెరికా డాక్టర్ నోట్స్‌లో జబ్బులు వరసగా లిస్ట్ వేస్తాడు, సంబంధాలు రాయడు. ప్రతిదానికీ కోడర్ ఫోన్ చేసి అడుగుతూ కూర్చుంటే బిల్లు వెళ్లదు. బీపీ, కిడ్నీ కలిసి కనిపించినప్పుడు సంబంధం ఉండే అవకాశం నిజంగానే ఎక్కువ. అందుకే సంబంధం ఉందనుకుని ముందుకెళ్లమన్నారు. బిల్లు వరకూ ఇది నడుస్తుంది. కానీ అదే కోడ్ తర్వాత రీసెర్చ్‌లోకి వెళ్లి, 'ఇంతమందికి కిడ్నీ బీపీ వల్లే పోయింది' అనే లెక్కగా బయటికొస్తుంది. 'అనుకున్నాం' అన్నది కాస్తా 'తేలింది' అయిపోతుంది.

అమెరికాలోనే పగిలిన నమ్మకం

అమెరికాలో డయాలసిస్‌కి వచ్చేవాళ్ల ఫారాల్లో, షుగర్ తర్వాత రెండో పెద్ద కారణంగా బీపీనే కనిపిస్తుంది. నల్లజాతి వాళ్లలో అయితే ఈ లేబుల్ మరీ ఎక్కువ. సరే, బీపీయే కారణమైతే బీపీని బాగా తగ్గిస్తే కిడ్నీ నిలబడాలి కదా? నల్లజాతి పేషెంట్ల మీద పెద్ద ట్రయల్ చేశారు. 2002లో ఫలితాలొచ్చాయి. బీపీని మామూలు కంటే ఇంకా కిందికి తగ్గించినా, కిడ్నీ పాడయ్యే వేగం అదనంగా ఏం తగ్గలేదు.

2010లో జవాబు దొరికింది. ఏపీఓఎల్1 అనే జన్యువులో రెండు రకాల మార్పులు. ఆఫ్రికా మూలాలున్న వాళ్లలోనే ఇవి కనిపిస్తాయి. ఆఫ్రికాలో సీసీ ఈగ కుడితే వచ్చే నిద్రజబ్బు నుంచి కాపాడే మార్పులు అవి. అందుకే తరతరాలుగా నిలిచాయి. కానీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెండూ వస్తే కిడ్నీ జబ్బు రిస్క్ బాగా పెరుగుతుంది. ఫారంలో 'బీపీ వల్ల' అని రాసి ఉన్న చాలామందిలో అసలు దొంగ ఈ జన్యువు. చాలామందిలో బీపీ ముందు కాదు, కిడ్నీ ముందు. బ్రైట్ చెప్పిన వైపు.

దశాబ్దాలపాటు ఆ గడి నిండుగా ఉంది కాబట్టి, వెతకాల్సింది ఇంకేదో ఉందని ఎక్కువమందికి అనిపించలేదు. గడి ఖాళీగా ఉండి ఉంటే కనీసం 'ఇక్కడ ఏదో తెలియడం లేదు' అని అరిచేది.

ఇక మన దగ్గరికి వద్దాం

2012లో అచ్చయిన ఇండియన్ సీకేడీ రిజిస్ట్రీ రిపోర్టులో దేశవ్యాప్తంగా 52 వేల మందికి పైగా పేషెంట్ల వివరాలు ఉన్నాయి. షుగర్ వల్ల 31 శాతం. బీపీ వల్ల 13 శాతం. కారణం తెలియదు అని రాసింది 16 శాతం. బీపీ కంటే 'తెలియదు' ఎక్కువ. నాకైతే ఈ రిపోర్టులో నచ్చింది అదే. తెలియనిది తెలియదు అని రాశారు.

ఆ 'తెలియదు' ఎక్కడ ఉందో మనకి తెలుసు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు. కొబ్బరి తోటలు, జీడి తోటలు, చూస్తే కోనసీమ గుర్తొస్తుంది. అక్కడ 2019లో అచ్చయిన ఒక సర్వేలో పెద్దవాళ్లలో దాదాపు 18 శాతం మందికి సీకేడీ ఉందని తేలింది. వాళ్లలో ఎక్కువ మందికి షుగరూ లేదు, చెప్పుకోదగ్గ బీపీ చరిత్రా లేదు. నీళ్లా, ఎండలో పనా, నొప్పి బిళ్లలా, పురుగుమందులా, వంశమా — ఒక్క కారణం ఇదీ అని ఎవరూ తేల్చలేదు. శ్రీలంకలో వరి రైతులది, మధ్య అమెరికాలో చెరకు కోత కూలీలదీ ఇలాంటి కథే. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ హాస్పిటల్, రీసెర్చ్ సెంటర్ ప్రారంభించారు.

అంత దూరం ఎందుకు, మన ఎన్టీఆర్ జిల్లాలోనే తిరువూరు వైపు ఎ.కొండూరు మండలం. అక్కడి లంబాడా తండాల్లో కూడా కిడ్నీ జబ్బులు, మరణాలు. జనం అనుమానం బోరు నీళ్ల మీద. కృష్ణా నీళ్లు ఇవ్వమని ఏళ్ల తరబడి అడిగారు.

ఇప్పుడు ఇందాకటి డిఫాల్ట్‌ని ఇక్కడ రన్ చేసి చూద్దాం. ఉద్దానం తరహా కిడ్నీ జబ్బులో మొదట్లో ఏం తెలియదు. వాపు ఉండదు, మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, బీపీ మామూలుగానే ఉంటుంది. కిడ్నీ చాలా భాగం పోయాక బీపీ ఎక్కుతుంది. అప్పుడు మనిషి విజయవాడో విశాఖో హాస్పిటల్‌కి వస్తాడు. ఆరోజు నోట్స్‌లో పడేది రెండు లైన్లు. హైపర్‌టెన్షన్. సీకేడీ స్టేజ్ 5. అమెరికా రూల్ వేస్తే ఐ12.0. బీపీతో ముడిపడిన కిడ్నీ జబ్బు. అంతే, ఉద్దానం మాయం. తండా మాయం. బోరు మాయం.

లెక్కల్లో అతను బీపీ టాబ్లెట్ సరిగా వేసుకోని మనిషి అయిపోతాడు. తప్పు నీళ్లదో ఎండదో కాదు, అతనిదే అయిపోతుంది.

మన హాస్పిటళ్లు అమెరికా బిల్లింగ్ రూల్స్‌తో నడవవు, నిజమే. ఆరోగ్యశ్రీ లాంటి పథకాల్లో డబ్బు ప్యాకేజీ లెక్కన వస్తుంది. కానీ రాత విషయంలో మన సమస్య ఇంకో రకం. అక్కడ గడిని రూల్ నింపేస్తే, ఇక్కడ గడే ఉండదు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టర్ కారణం రాసిచ్చినవి 22.5 శాతమే. తండాలో ఇంట్లో పోయిన మనిషికి ఏ కోడూ లేదు. 'కాళ్లు వాచాయి, అన్నం తినలేకపోయాడు, పోయాడు' — ఇంటివాళ్ల దగ్గర ఉన్న రికార్డు అదొక్కటే.

ఒక మంచి విషయం కూడా చెప్పాలి. మన రాష్ట్ర పింఛన్ల జాబితాలో డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 రూపాయల పింఛన్‌తో పాటు, ఇంకా డయాలసిస్ దాకా రాని వాళ్లకి సీకేడీయూ పేరుతోనే వేరే వరసలున్నాయి. క్రియాటినిన్ 5 దాటినవాళ్లు, ఇజిఎఫ్‌ఆర్ 15 లోపు పడినవాళ్లు, కిడ్నీలు కుంచించుకుపోయినవాళ్లు. ఆ పేరు చివర 'యూ' అంటే కారణం తెలియనిది. ఉద్దానం జనం ఏళ్ల తరబడి అరిచి అరిచి ఒక గవర్నమెంట్ ఫారంలో సంపాదించుకున్న అక్షరం అది. దాని విలువ నెల నెలా ఇంటికొచ్చే డబ్బు. కానీ ఆ పింఛన్ రావాలన్నా టెస్టు కాగితాలు చేతిలో ఉండాలి.

మనం చేయగలిగేది

మొదటిది, ఇంట్లో వాళ్ల కోసం. 'బీపీ బిళ్లలు వేసుకుంటే కిడ్నీలు పోతాయంట' అనే మాట మన ఊళ్లలో చాలా వింటాం. కథ మొత్తం విన్నారు కదా, చక్రం ఎటు తిరిగినా బీపీని అదుపులో పెట్టడమే కిడ్నీకి రక్షణ. కొన్ని బీపీ మందులు మొదలుపెట్టినప్పుడు క్రియాటినిన్ కొంచెం కదలొచ్చు, అది డాక్టర్ చూసుకుంటారు, మనంతట మనం ఆపకూడదు. కిడ్నీకి నిజంగా హాని చేసేవి మోకాళ్ల నొప్పికి, ఒళ్లు నొప్పులకి అడిగి మరీ ఏళ్ల తరబడి మింగే నొప్పి బిళ్లలు. అమ్మకో నాన్నకో బీపీ ఉంటే ఏడాదికోసారి రెండు టెస్టులు చేయించండి. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్. బ్రైట్ చెంచాలో చేసిన టెస్టే ఇది, ఇప్పుడు మూలమీద ల్యాబ్‌లో చేస్తారు. ఇక ఉప్పు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు అంటోంది. ఆవకాయ, అప్పడం, మజ్జిగ మిరపకాయ ఉన్న మన భోజనంలో అది ఎక్కడ దాటిపోతుందో మీకే తెలుసు.

రెండోది, తేదీలు. బీపీ మొదట ఎప్పుడు తెలిసింది, క్రియాటినిన్ మొదట ఎప్పుడు పెరిగింది. ఈ రెండు తేదీలే 'ఏది ముందు' అనే ప్రశ్నకి జవాబు దొరికే చోటు. పాత రిపోర్టులు పారేయకండి. ఫోన్‌లో ఫొటో తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టండి. కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు, ఊరు ఏది, ఏ నీళ్లు తాగుతారు, ఏం పని చేస్తారు, ఏ బిళ్లలు వాడారు అన్నది అడగకపోయినా చెప్పండి.

మూడోది, కోడింగ్ నేర్చుకుంటున్న ఫ్రెండ్స్‌కి. రూల్ ప్రకారం ఐ12 వేయాల్సిన చోట వేయండి, పరీక్షలో గానీ ఉద్యోగంలో గానీ అందులో సొంత తెలివి చూపించొద్దు. కానీ చార్ట్ మొత్తం చదవండి. వేరే పేజీలో డాక్టర్ ఇంకో కారణం రాసి ఉంటే, రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే, డాక్టర్‌కి క్వెరీ పెట్టండి. మీ పనిలో అది ఒక భాగం, అడగడం తప్పు కాదు. రేపు మన రాష్ట్రంలో హాస్పిటల్ రికార్డులు పూర్తిగా డిజిటల్ అయ్యేటప్పుడు ఆ సిస్టమ్‌లు రాసేది నాలాంటి ఇంజినీర్లు, వాటిలో డేటా నింపేది మీలాంటి వాళ్లు. 'కారణం' గడిలో 'తెలియదు' అనే ఆప్షన్ ఉంచమని మనమే అడగాలి.

ఎ.కొండూరు, ఉద్దానం వైపు నుంచి చూస్తున్నవాళ్లు ఉంటే, మీ ఊళ్లో టెస్టులు ఎప్పుడు జరిగాయి, రిపోర్టులు మీ చేతికి ఇచ్చారా లేదా కామెంట్లో రాయండి. పేషెంట్ల పేర్లు మాత్రం రాయకండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆరోగ్యశ్రీ కార్డు కథ చెప్పుకుందాం. 2007లో శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ అనే మూడు జిల్లాలతోనే ఎందుకు మొదలైందో అక్కడ చూద్దాం. ఉంటాను, నమస్తే.